ఇంట్లోంచి తెచ్చిన వాక్యం

ముప్పై ఒకటి. చేతిలోని చీటీ మీద ఉన్నది ముప్పై ఒకటి, గోడ మీద ఎర్ర అంకెలు చూపిస్తున్నది ఇరవై నాలుగు, అవి ఇరవై నాలుగు దగ్గర ఆగిపోయి చాలాసేపయింది. అంకెలు పాడయ్యాయో, లోపలికెళ్ళిన ఇరవై నాలుగో నంబరు మనిషి బయటికి రానని మొండికేశాడో తెలియదు. అంకెలు పాడైతే నయం అనుకుంది ఆమె. లోపల ఎక్కువసేపు కూర్చోబెట్టారంటే అది మంచి మాట అయి ఉండదు, మంచి మాట చెప్పడానికి ఎంతసేపు కావాలి, ఏం లేదు వెళ్ళిరండి అంటే సరిపోయె, చెడ్డ మాటకే కుర్చీ దగ్గరికి లాక్కోవాలి, మంచినీళ్ళు తాగండి అనాలి, మీతో ఎవరైనా వచ్చారా అని అడగాలి. ఆమెతో ఎవరూ రాలేదు. ఎవరికైనా చెబితే కదా రావడానికి. పొద్దున ఇంట్లో, మార్కర్లు అయిపోయాయి కొనుక్కొస్తానని చెప్పి బయలుదేరింది. ఇరవై రెండేళ్ళుగా బోర్డు ముందు నిలబడి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే మనిషికి మార్కర్లు అయిపోవడం కంటే నమ్మదగిన అబద్ధం ఇంకేముంటుంది. ఆయన సరే అన్నాడు. తొందరేం లేదు నిదానంగా రా అన్నాడు. ఆమె చెప్పులేసుకుంటుంటే గోరువెచ్చటి నీళ్ళు పోసిన ఫ్లాస్కు తెచ్చి సంచిలో పెట్టాడు. మూడు రోజులుగా ఇదొకటి పట్టుకున్నాడు, ఎక్కడికెళ్ళినా సంచిలో ఫ్లాస్కు. జలుబు జలుబు అని ఆమే కదా ఊదరగొట్టింది, నమ్మేసినట్టున్నాడు పాపం. నమ్మేసినందుకు జాలేసింది, నమ్మేసినందుకే కాస్త కోపం కూడా వచ్చింది. మూడు నెలల జలుబు ఉంటుందా ఎక్కడైనా.

గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అని ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అని ఉంటుందో, నిజంగా పడితే ఎలా ఉంటుందో ఈ మూడు నెలల్లో తెలిసొచ్చింది. మొదట సాయంత్రం బ్యాచి అయ్యేసరికి గొంతు బొంగురుపోయేది, తర్వాత పొద్దున బ్యాచికే పోయింది, తర్వాత ఒకరోజు హాజరు పిలుస్తుంటే సగం పేర్లు గాలిలాగా బయటికొచ్చాయి, పిల్లకాయలెవరూ లేరు గనక సరిపోయింది, పెద్దవాళ్ళు కాబట్టి మర్యాదగా చేతులెత్తారు. అప్పుడొచ్చింది ఇక్కడికి. డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూసి, మాట పలికే తీగ మీద చిన్న బొడిపె ఉంది, ముక్క తీసి పరీక్షకు పంపుదాం అంది. ముక్క తీసిన రోజు ఇంట్లో చెప్పిన అబద్ధం, పరీక్ష హాల్లో కాపలా డ్యూటీ. అది రెండు వారాల కిందటి మాట. ఇవాళ ఫలితం వచ్చింది. ఆ కాగితం ఇప్పుడు ఆ తలుపు వెనక బల్ల మీద ఉంది, అందులో ఉన్నది ఏదో ఒకటి అయిపోయే ఉంది, ఆమె ఇక్కడ కాళ్ళు మార్చి మార్చి కూర్చున్నంత మాత్రాన అక్షరం కూడా మారదు. ఏదీ లేకపోతే సంతోషం. ఏదైనా ఉంటే, ఉన్నదాని సంగతి తర్వాత, ముందు ఇంటికెళ్ళి ఆయనకు చెప్పాలి. ఆ చెప్పడమే భయంగా ఉంది. రోగానికి భయపడాల్సిన మనిషి చెప్పడానికి భయపడటం ఏమిటో, ఎవరికైనా చెబితే నవ్వుతారు. అదిగో, మళ్ళీ చెప్పడమే.

ఈ వారం క్లాసులో బుట్ట కూడా అదే కావడం ఖర్మ కాకపోతే ఏమిటి. వారానికొక బుట్ట అన్నది ఆమె పద్ధతి. ఒక పనికి పనికొచ్చే ఇంగ్లీషు మాటలన్నీ ఒకచోట పోస్తుంది, పోయిన వారం అడగడం, అంతకు ముందు వారం వద్దనడం, ఈ వారం మనుషులకు సంగతులు చెప్పడం. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం మీద మేడ గది, నేల వెచ్చగా ఉంటుంది, కిందనుంచి ఆవిరి వాసన వస్తుంటుంది, పగలంతా ఎక్కడెక్కడో పనిచేసి వచ్చిన పదకొండు మంది బెంచీల మీద. సోమవారం సాయంత్రం బోర్డుకు ఎడమవైపున పైనుంచి కిందికి రాసింది. టెల్. ఇన్‌ఫామ్. నోటిఫై. అనౌన్స్. మెన్షన్. టిప్ ఆఫ్. బ్రేక్ ద న్యూస్. కన్ఫెస్. ఉన్న గొంతునంతా కూడగట్టుకుని, ఒక్కోదానికి ఒక్కో నడక ఉంటుందని చెప్పింది. టెల్ ఇంట్లో మనిషి, గుమ్మంలో చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వచ్చేస్తుంది. ఇన్‌ఫామ్ ఇస్త్రీ చొక్కా లేనిదే బయటికి రాదు. నోటిఫై చేతిలో కాగితం ఉంటే తప్ప నోరు విప్పదు, విప్పాక కింద సంతకం అడుగుతుంది. అనౌన్స్ కుర్చీ ఎక్కి నిలబడుతుంది. మెన్షన్ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, అన్నట్టు మరిచిపోయా, అని మొదలుపెడుతుంది, అసలు వచ్చింది దానికోసమే అయినా సరే. నవ్వారు. నవ్వితే గుర్తుంటుంది.

మొదటి బెంచీలో కూర్చునే దర్జీ చెయ్యెత్తాడు. యాభై ఐదేళ్ళ మనిషి, నోట్‌బుక్కు చేతికి ఎంత దూరం అందితే అంత దూరం పట్టుకుని, తల వెనక్కి వంచి చదువుతాడు. "మేడమ్ గారూ, మనకి చెప్పడం ఒక్కటే కదండీ, వాళ్ళకెందుకు ఇన్ని?" అన్నాడు. ఆమెకు ఎక్కడో తగిలింది. మనకి ఒక్కటా. మార్కరు తిప్పి బోర్డుకు కుడివైపున మొదలుపెట్టింది, తెలియజేయడం, మనవి చేసుకోవడం, చెవిన వేయడం, కబురుపెట్టడం, చాటడం, ఉప్పందించడం, నోరు జారడం, కక్కేయడం, కుండబద్దలు కొట్టడం, రాస్తున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి, టిప్ ఆఫ్‌కి ఎదురుగా ఉప్పందించడం పెట్టేసరికి క్లాసంతా గొల్లుమంది, ఆ ఊపులో నీళ్ళు నమలడం కూడా రాసేసింది. ఆసుపత్రి భవనంలో లిఫ్టు నడిపే అమ్మాయి పట్టుకుంది. "అది చెప్పడం కాదు కదా మేడమ్, చెప్పకపోవడం." నిజమే. చెప్పకపోవడం కూడా చెప్పడంలో భాగమేనమ్మా అంది. ఏదో పెద్ద విషయం చెప్పినట్టు అందరూ తలలూపి రాసుకున్నారు, టీచర్లకు ఉండే సుఖం అదొక్కటే, ఇరుకున పడి అన్నది కూడా నోట్‌బుక్కుల్లో పాఠం అయిపోతుంది.

ఇరవై ఐదు. అంకెలు పాడవలేదన్నమాట. బయటికొచ్చిన పెద్దాయన మొహం చూసింది, ఏమీ తెలియలేదు, చెవిలో దూది పెట్టుకుని వచ్చాడు, కూతురు కాబోలు ఆయన చెవి దగ్గర వంగి, పదిహేను రోజుల తర్వాత మళ్ళీ రమ్మన్నారు నాన్నా అని గట్టిగా అరుస్తోంది, ఆయన ఏ రోజు అంటున్నాడు, పదిహేను రోజులు అంటోంది, ఏ రోజు అంటున్నాడు. గదిలో ఉన్న ఇరవై మందికీ తెలిసిపోయింది ఆయన మళ్ళీ ఎప్పుడు రావాలో, ఆయనకు తప్ప. ఎదురు వరసలో ఒకతను ఫోన్లో నాలుగోసారి అదే సంగతి నాలుగో మనిషికి చెబుతున్నాడు, మొదటివాడికి టాన్సిల్సేగా అన్నాడు, రెండోవాడికి ఆపరేషనంట అన్నాడు, మూడోవాడికి చూడాలి ఎలా ఉంటుందో అన్నాడు, ఈ లెక్కన పదో మనిషికి వీలునామా దాకా వెళ్ళేట్టున్నాడు. ఎంత సుళువుగా చెప్పేస్తున్నాడు. నోట్లో నువ్వుగింజ నానని మనుషులంటే ఇన్నాళ్ళూ చిన్నచూపు ఆమెకి. ఇవాళ అసూయగా ఉంది.

అమ్మ అలా చెప్పేది కాదు. అమ్మ ఏ కష్టమైన మాట చెప్పాలన్నా తల దువ్వుతూ చెప్పేది. వెనక కూర్చుని, జుట్టు మూడు పాయలు చేసి, పాయలు గట్టిగా పట్టుకుని. తల తిప్పడానికి వీలుండదు, మొహం కనిపించదు, ఇద్దరికీ ఇద్దరి మొహాలూ కనిపించవు. నాన్నకు బదిలీ అయింది బడి మారాలి అన్నది అలాగే, అమ్మమ్మ ఇక లేదన్నది అలాగే. రోజూ దువ్వెనతో పీకి పీకి పెట్టే మనిషి ఏ రోజయినా మెల్లగా చిక్కు తీసిందంటే ఆమెకు గుండెల్లో రాయి పడేది. ఇవాళ ఏమైందమ్మా అని ముందే అడిగేసేది, ఏం కాలేదు కదలకు అనేది అమ్మ, జడ సగం అయ్యాక చెప్పేది, మిగతా సగం అల్లేలోపు ఏడవనిచ్చేది, రిబ్బను ముడి వేసి, లే, మొహం కడుక్కో అనేది. ఎంత కొలతగా చెప్పేదో. బ్రేక్ ద న్యూస్ అంటే ఏమిటని సోమవారం అడిగినప్పుడు ఆమె చెప్పింది అమ్మ జడనే, అమ్మ అని చెప్పలేదుగానీ. పెద్ద మాటను ఒక్కసారి నెత్తిన పడేయకుండా, మనిషి మోయగలిగినంత ఇచ్చి, ఆగి, మళ్ళీ కాస్త ఇవ్వడం అంది. మరి ఆయన తల దువ్వుతూ చెబుదామంటే ఆ తలలో మిగిలినవే నాలుగు వెంట్రుకలు.

నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే పక్కనున్నావిడ జరిగి కూర్చుంది. ఫ్లాస్కు తీసి ఒక గుక్క తాగింది. సరిగ్గా తాగగలిగినంత వెచ్చగా ఉన్నాయి, ఆయన పనులన్నీ అంతే, కళ్ళజోళ్ళ దుకాణం మనిషి, అద్దం అరగదీసి అరగదీసి చట్రంలో కూర్చోబెట్టే మనిషి, వెంట్రుకంత తేడా వస్తే మళ్ళీ తీసి అరగదీస్తాడు. చేతితో చేసేదేదైనా సరిగ్గా చేస్తాడు. నోటితో చెప్పాల్సి వస్తేనే చేతులెత్తేస్తాడు. వాళ్ళమ్మ విషయంలో చూసింది కదా. అత్తగారికి కడుపులో నొప్పి అని పరీక్షలు చేయించారు, కాగితాలు తెచ్చినవాడు ఆయనే, ఏమొచ్చిందండీ అంటే ఇంకా రాలేదన్నాడు, మర్నాడూ రాలేదన్నాడు. పందొమ్మిది రోజులు. ఆమె దుకాణంలో చత్వారం అద్దాల సొరుగు తీసి చూస్తే, అద్దాల కవర్ల కింద, నాలుగు మడతల కాగితం. ఆయన అరగదీసే మిషను ఆపలేదు. చెప్పలేకపోయానే అన్నాడు, మిషను చప్పుడులో. తిట్టాలనుకుంది, వీపు చూసి ఊరుకుంది. చివరికి ఆమే వెళ్ళి అత్తగారి మంచం పక్కన కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్ళు నములుతుంటే, ఆవిడే అంది. "నాకు తెలుసులేవే. వాడు మూడు వారాలుగా నా మొహం చూడకుండా అన్నం తింటున్నాడు, ఆ మాత్రం తెలీదా. వాడిని ఏమీ అనకు." ఆ ఏడాదే పోయింది ఆవిడ. అలాంటి మనిషికి మళ్ళీ ఒక కాగితం ఎలా చూపిస్తుంది. వినలేడు, విని ఊరుకోలేడు, సొరుగులు మాత్రమే ఉన్నాయి ఆయన దగ్గర దాచుకోవడానికి. ఫలితం వచ్చాక, ఏమీ లేదని తేలాక, అన్నట్టు మరిచిపోయా, అని గుమ్మం దగ్గర చెప్పొచ్చు అనుకుంది. వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్న కూతురికి చెప్పనిదీ అందుకే, దానికి చెబితే ఆయనకి చెప్పినట్టే.

మరి సోమవారం ఆ వాక్యం ఎందుకు రాసింది. అదీ తెలియదు. క్లాసులో ఇంకో పద్ధతి ఉంది, పుస్తకంలో వాక్యాలు ఒప్పుకోదు, ఎవరి ఇంట్లోంచి వాళ్ళు తెచ్చుకోవాలి. సొంత వాక్యమే నోట్లో నిలబడుతుంది అంటుంది. అందరూ తెచ్చారు. లిఫ్టు అమ్మాయిది, నాలుగో అంతస్తు దగ్గర లిఫ్టు ఆగుతోందని మేనేజరుకు ఇన్‌ఫామ్ చేశాను, ఆయనకు ముందే తెలుసని ఆయన నాకు ఇన్‌ఫామ్ చేశాడు. దర్జీది, ఒక ఖాతాదారుకి ఆయన పొట్ట రెండంగుళాలు పెరిగిందని నొప్పించకుండా చెవిన వేశాను. అంతా అయ్యాక ఎప్పటిలాగే, మేడమ్ మీది, మేడమ్ మీదొకటి, అని మొదలుపెట్టారు. ప్రతి వారం ఏదో ఒకటి ఇస్తుంది, మా ఆయన గొడుగు మరిచిపోయాడు లాంటిది. ఆ రోజు చెయ్యి దానంతటదే రాసుకుంటూ పోయింది. షి హ్యాజ్ నాట్ టోల్డ్ హర్ హజ్బెండ్ అబౌట్ హర్ త్రోట్. తన గొంతు సంగతి ఆవిడ తన భర్తకు చెప్పలేదు. రాశాక చూసుకుంది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. తెలుగులో అయితే సగంలో ఏడుపొచ్చేది. ఇంగ్లీషులో అది పాఠం, ఆ భాషలో ఇరవై రెండేళ్ళుగా వేల వాక్యాలు రాసి తుడిచేసింది, గొడుగులు తుడిచేసింది, పెళ్ళిళ్ళు తుడిచేసింది, ఇదీ తుడిచేయొచ్చు. మూడు నెలల్లో మొదటిసారి ఆ మాట ఎక్కడో ఒకచోట బయటపెట్టినట్టయింది, ఛాతీలో ఒక గుండీ ఊడినంత హాయిగా అనిపించింది. ఆవిడ ఎప్పుడు చెబుతుంది మేడమ్ అని అడిగింది లిఫ్టు అమ్మాయి. అది రేపటి వాక్యం అని డస్టరు తీసుకుంది. అప్పటికే పదకొండు మందీ రాసేసుకున్నారు. దర్జీ మాత్రం నోట్‌బుక్కు దూరంగా పట్టుకుని కళ్ళు చిట్లిస్తున్నాడు, బోర్డు కనిపిస్తోంది గానీ నోట్‌బుక్కులో తను రాసింది తనకే కనిపించడం లేదట, చత్వారం, ఆమె క్లాసయ్యాక పిలిచి, మా ఆయన దుకాణానికి వెళ్ళండి, నేను పంపానని చెప్పండి, బాగా చూసి అద్దాలు పెడతారు అంది. మంచి టీచరు అనిపించుకోవాలని కదా ఈ తాపత్రయమంతా.

ఇరవై తొమ్మిది. ఎప్పుడు ఇరవై తొమ్మిది అయింది. ముప్పై లోపలికి వెళ్ళింది కూడా, స్కూలు బ్యాగుతో వచ్చిన చిన్నపిల్ల, ముక్కులో చాక్‌పీసు ముక్క ఇరుక్కుందట, రెండు నిమిషాల పని. అయ్యో, నాకు ఇంకా సిద్ధం కాలేదు అనుకుంది, ఏదో ప్రసంగానికి పిలిచినట్టు. ఏదైనా ఉందంటే ఎలా చెప్పాలి. ఇవాళే చెప్పాలి, ఇంక సొరుగులు పనికిరావు. ఏమండీ, మీకొక మాట చెప్పాలి. వద్దు, అలా మొదలుపెడితే ఆ తర్వాత మాట వినేలోపే ఆయన సగం చచ్చిపోతాడు. ఏమండీ, గొంతు పరీక్ష చేయించుకున్నా, చిన్నదేదో ఉందట, చిన్నదే. చిన్నదే అని రెండుసార్లు అనకూడదు. కుండబద్దలు కొట్టేస్తే. చావుకబురు చల్లగా చెప్పినట్టుంటుంది. బోర్డు మీద కుడివైపు ఎడమవైపు అన్ని మాటలు రాసింది, ఇరవై రెండేళ్ళలో ఎంతమందికి నేర్పిందో, ఉద్యోగం ఎలా అడగాలో, సెలవు ఎలా అడగాలో, క్షమించమని ఎలా అడగాలో, తన మొగుడికి తన గొంతు సంగతి చెప్పడానికి ఒక్క వాక్యం లేదు. చాక్‌పీసు పిల్ల ముక్కు రుద్దుకుంటూ బయటికొచ్చింది. ముప్పై ఒకటి అని కిటికీ వెనకనుంచి కేకేశారు.

కుర్చీ దగ్గరికి లాక్కోలేదు. మంచినీళ్ళు తాగమనలేదు. మీతో ఎవరైనా వచ్చారా అని అడగలేదు. డాక్టరమ్మ కాగితం తిప్పి చూసి, ఇంకో కాగితం మీద రాస్తూ, తలెత్తకుండానే, "ఏం లేదండీ" అంది. ఇంతకంటే చిన్న మాట లేదు తెలుగులో. "మాట ఎక్కువ వాడేవాళ్ళకి వచ్చే బొడిపే. ప్రమాదం లేదు. టీచరేగా మీరు." ఆమె తలూపింది. తల ఊపుతూనే ఉంది, ఆపడం తెలియలేదు. బల్ల అంచు ఎక్కడ పట్టుకుందో, దాని చెక్క ఎంత నున్నగా ఉందో అప్పుడు తెలిసింది, కిటికీలోంచి ఎండ వస్తోందని తెలిసింది, పోయిన ప్రాణం లేచొచ్చింది అంటారు కదా, లేచిరావడం కాదు, కాళ్ళలోంచి మెల్లగా ఎక్కుతోంది, వెచ్చగా. థాంక్స్ డాక్టరుగారూ అనబోయింది. డాక్టరమ్మ పెన్ను పైకెత్తింది. "మాట్లాడొద్దు. ఇప్పట్నుంచీ పది రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు, గుసగుసలు ఇంకా చెడ్డవి. నోరు కట్టేసుకోండి, అదే తగ్గుతుంది." నోరు తెరిచిన ఆమె నోరు మూసుకుంది. ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయండీ అని చెప్పడానికి కూడా లేదు.

తలుపు నెట్టుకుని బయటికొచ్చేసరికి ఆమె కూర్చున్న కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నాడు. దుకాణం చొక్కాలోనే ఉన్నాడు, జేబులోంచి అద్దాలు తుడిచే గుడ్డ వేలాడుతోంది, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పిలుపు కోసం చూసే ముప్పై రెండో నంబరు మనిషిలాగా. ఆమెను చూసి లేచాడు. కాగితం వైపు చూడలేదు, మొహం వైపు చూశాడు. "ఏమన్నారు?" అన్నాడు. ఆమె నోరు తెరిచింది, గుర్తొచ్చి మూసేసింది, వేలు గొంతు మీద పెట్టుకుని, చెయ్యి అడ్డంగా ఊపింది. మాట్లాడకూడదు అని ఆమె ఉద్దేశం. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. అప్పుడు తెలిసింది ఆ సైగ చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో. ఇంత చదువు చదివి, ఇన్ని మాటలు నేర్పి, చెప్పాల్సిన రోజున చేసిన సైగ ఇదా. గబగబా కాగితం ఆయన చేతిలో పెట్టబోయింది. ఆయన తీసుకోలేదు. "నాకది అర్థం కాదు. నువ్వే చెప్పు" అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది, అయినా ఆగలేదు. "ఏదైనా సరే, నువ్వు చెప్పు. ఈసారి నేను వింటాను."

పెన్ను లేదు. సంచంతా తిరగేసింది, ఫ్లాస్కు, గొడుగు, రుమాలు, అడుగున మార్కరు. అయిపోయాయని చెప్పిన మార్కర్లలోది, నిండుగా ఉన్నది, నీలం రంగుది. ముప్పై ఒకటో నంబరు చీటీ కుర్చీ చేతి మీద పెట్టి రాసింది. బోర్డు మీద రాసే మార్కరుకి ఆ చీటీలో రెండు మాటలకే చోటుంది. ఏం లేదు. ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి, గుడ్డతో తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చదివాడు. మళ్ళీ తీసి తుడిచాడు. ఈసారి తుడుస్తూనే కూర్చున్నాడు, ఆ అద్దాలకు అంత తుడుపు అవసరం లేదు, ఆమె పక్కన కూర్చుని ఆయన మోచేతి మీద చెయ్యి వేసింది. కాసేపటికి చీటీ లాక్కుని వెనకవైపు రాసింది. పది రోజులు మౌనం. ఆయన అదీ చదివాడు. కొంచెం ఆలోచించాడు.

"పది రోజులేనా?" అన్నాడు. "బతిమాలి ఒక నెల రాయించుకోలేకపోయావా."

ఫ్లాస్కుతో కొట్టబోయింది. పక్కనున్నావిడ మళ్ళీ జరిగింది. కొట్టడం ఆపి, కళ్ళతోనే అడిగింది, నువ్వెలా వచ్చావని, మాటల్లో ఎప్పుడూ మీరు అనే మనిషి కళ్ళతో మాత్రం నువ్వు అనే అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్ళయ్యాక ఆయన ఒక్కసారిగా అంత మాట్లాడటం ఆమె వినలేదు. "మంగళవారం మీ దర్జీ వచ్చాడు, నువ్వు పంపావని. పరీక్ష అద్దాలు జోడించి, ఏదైనా చదవండి అన్నాను. దగ్గర చూపు అట్ట చేతికిచ్చాను, అది చదవడే. సంచిలోంచి నోట్‌బుక్కు తీశాడు. మా మేడమ్ నేర్పిన ఇంగ్లీషు చదువుతానండీ అన్నాడు. చదివాడు. చదివి ఊరుకున్నాడా, కింద తెలుగులో అర్థం రాసుకున్నాడు, అదీ చదివాడు. ఆవిడ తన గొంతు సంగతి తన భర్తకు చెప్పలేదు అని. నేను అద్దం మార్చి మళ్ళీ చదవమన్నా. మళ్ళీ అదే చదివాడు. ఇంకో అద్దం పెట్టి ఇంకోసారి చదవమన్నా. ఇదే బాగుందండీ, అక్షరం అక్షరం కనిపిస్తోంది అన్నాడు. ఇది పుస్తకంలోదా అని అడిగా. లేదండీ, పుస్తకంలోవి మేడమ్ ఒప్పుకోరు, ఎవరింట్లోంచి వాళ్ళు తేవాలి, ఇది మేడమ్ తెచ్చుకున్నది అన్నాడు." గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆయనకేం తెలీదు పాపం. కళ్ళజోడు బాగా కుదిరిందని సంతోషంగా వెళ్ళిపోయాడు."

మంగళవారం. ఫ్లాస్కు మొదలైంది మంగళవారం. మూడు రోజులు తెలిసి ఊరుకున్నాడా. ఆమె చూపు అర్థమైనట్టుంది ఆయనకు. "నువ్వు చెబుతావేమోనని చూశాను. నాకు తెలుసని నేనే చెప్పేద్దామనీ అనుకున్నా, నోరు రాలేదు. నా సంగతి నీకు తెలియందేముంది. పొద్దున కూడా చూశా. మార్కర్లు అన్నావు. సరేనని నీ వెనకే బస్సెక్కి చివరి సీట్లో కూర్చున్నా, ఇక్కడ ఆ స్తంభం అవతల కూర్చున్నా. నువ్వు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు." దారంతా వెనకే ఉన్నాడు. ఇంతసేపూ ఆమె తల వెనక ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, కదలకుండా, జడ అయ్యేదాకా. కళ్ళు నిండాయి, ఇది భయపు ఏడుపు కాదు గనక తుడుచుకోలేదు. నాలుగు మడతల కాగితం దాచుకున్న మనిషి ఈసారి సొరుగు మూసేసి బస్సెక్కాడు, అది చాలు, మిగతాది ఇంటికెళ్ళి పది రోజుల తర్వాత తిట్టొచ్చు.

"సాయంత్రం క్లాసుకి నేను వెళ్ళి చెబుతాలే, పది రోజులు సెలవని" అన్నాడు ఆయన, లేస్తూ. "ఏ మాట వాడాలి మరి? ఇస్త్రీ చొక్కా వేసుకునే మాటొకటి ఉందటగా, దర్జీ చెప్పాడు. అదేనా?" వద్దని తలూపింది. ఇంట్లో మనిషి మాటే చాలు. "దర్జీకి మాత్రం వేరే చెప్పాలి. ఆ వాక్యం కొట్టేసుకోమని. దాని బదులు ఏం రాసుకోమంటావు?"

ఆమె మార్కరు మూత తీసింది. చీటీలో రెండు వైపులా చోటు అయిపోయింది. ఎడమ చెయ్యి చాపి, అరచేతిలో, బోర్డు మీద రాసినట్టే గుండ్రంగా ఒక్క మాట రాసింది. చెప్పింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చదివాడు.

"నువ్వెక్కడ చెప్పావు? చెప్పింది దర్జీ" అన్నాడు.

ఆమెకు నవ్వాగలేదు. చప్పుడు లేకుండా, పెదాలు బిగించి, భుజాలు ఊగిపోయేలా నవ్వింది, కళ్ళలో ఆగి ఉన్న నీళ్ళు ఆ ఊపుకి రాలిపోయాయి.

"నవ్వకు, డాక్టరమ్మ చూస్తుంది" అన్నాడు ఆయన. సిరా తడి ఆరని ఆ చెయ్యి మాత్రం వదల్లేదు. బస్సు దిగి ఇంటికి చేరేసరికి ఆ మాట సగం ఆయన చేతిలో ఉంది.